గరిటె మాది, కొట్టు ఎవరిది?

‘అన్నపూర్ణ’ అనే మాటని కొన్నాళ్ళపాటు మన రాతల్లో, సభల్లో వాడకుండా ఉందామని నా ప్రతిపాదన. నవ్వకండి. స్త్రీని దేవతని చేసి చాకిరీ చేయించుకోవడం గురించి మనం రాసినంతగా ఎవరూ రాయలేదు. అయినా ఒకామె పదిమందికి అన్నం పెట్టిందనగానే మన కలాలు కూడా మెత్తబడిపోతాయి. చేతులు జోడించేస్తాం. ఆ బియ్యం ఎక్కడివి, పప్పు ఎవరు కొన్నారు, గుడ్లు ఎవరు సరఫరా చేశారు, బిల్లు ఎవరి ఖాతాలో పడింది అని మాత్రం అడగం. అన్నం దగ్గర డబ్బు మాట ఎత్తడం అమర్యాద అనుకుంటాం. ఆ మర్యాద వల్ల ఎవరు బాగుపడుతున్నారో చెప్పడానికే ఈ వ్యాసం.

కోనసీమ వాళ్ళకి ఈ మాట మరీ దగ్గరది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ (1841–1909) గారి పేరు వినకుండా అక్కడ ఏ పిల్లా పెరగదు. గోదావరి పాయ దాటి వేళకాని వేళ వచ్చిన బాటసారికైనా లేదనకుండా వండిపెట్టిన మనిషి. ఏడవ ఎడ్వర్డ్ తన పట్టాభిషేకానికి ఆవిడ ఫోటో తెప్పించుకున్నాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర వైనతేయ మీది కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టింది. అంతకుముందు, 2020 జనవరి నుంచి, ఆ పథకం పేరు ‘జగనన్న గోరుముద్ద’. గోరుముద్ద తినిపించేది అమ్మ, పథకం మాత్రం అన్నది! ఇప్పుడు అన్న పేరు పోయి అమ్మ పేరు వచ్చింది. సంతోషమే. బోర్డు మారింది. పొయ్యి దగ్గర పొగలో నిలబడ్డ ఆడవాళ్ళకి మారిందేమిటి?

సీతమ్మ గారి గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆవిడ వడ్డించింది తన ఇంటి ధాన్యం. భర్త జోగన్న గారి పొలంలో పండిన పంట, తన ఇంట్లో ఉన్న గాదె. గాదె ఇంట్లో ఉంది కాబట్టే అర్ధరాత్రి తలుపు తట్టిన మనిషికి అన్నం పెట్టగలిగింది. ఎవరి బిల్లు కోసమో మూడు నెలలు ఎదురుచూడాల్సి వస్తే ఆవిడ మాత్రం ఏం చేసేది? నూరేళ్ళుగా మనం ఆవిడ గరిటెని పూజిస్తూ గాదెని మర్చిపోయాం. ఇవాళ ఆవిడ పేరు పెట్టిన పథకంలో ఆడవాళ్ళకి దక్కింది కూడా ఆ గరిటే.

అక్కడికి దగ్గర్లోనే మా అమ్మమ్మగారి వైపు ఊరు అప్పనపల్లి. మామిడికుదురు మండలం, వైనతేయ ఒడ్డు. కొబ్బరితోటల మధ్య బాలబాలాజీ గుడి. చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా జనం వస్తారు. కొబ్బరి వ్యాపారం చేసే మొల్లేటి రామస్వామి గారు తన లాభంలో స్వామికి వాటా వేసి, చివరికి కొబ్బరికొట్టులోనే స్వామిని నిలిపారని అక్కడి స్థలకథ. పాత గుడి ఆ కొట్టే అంటారు. పెద్ద గుడి తర్వాత కట్టారు. వచ్చిన భక్తులకి అన్నదానం జరుగుతుంది. నాకు ఈ కథలో భక్తి కంటే కొట్టు మీద ఆసక్తి ఎక్కువ. సరుకు నిల్వచేసే చోటు ఎంత పవిత్రం కాగలదో ఆ ఊరికి తెలుసు. వాటా అంటే ఏమిటో, దేవుడికి కూడా లాభంలో వాటా వేసే లెక్క ఏమిటో కూడా ఆ ఊరికి తెలుసు. మరి అలాంటి నేల మీద, రోజూ వందలమంది పిల్లలకి వండిపెట్టే ఆడవాళ్ళకి ఒక కొట్టు ఎందుకు లేదు? లాభంలో వాటా ఎందుకు లేదు?

ఇది అప్పనపల్లి ఒక్క ఊరి ప్రశ్న కాదు గానీ, ఊరి పేరు చెప్పి మాట్లాడితే ప్రశ్నకి కాళ్ళు నేలమీద ఆనతాయని ఆ పేరు వాడుతున్నాను.

లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో 2003లో బడిలో వండిపెట్టడం మొదలైనప్పుడు ఆ పని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి అప్పగించారు. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు వాళ్ళే కొని తెచ్చుకోవాలి, బిల్లు తర్వాత వస్తుంది. ‘తర్వాత’ అంటే ఎప్పుడో ఎవరూ చెప్పరు. కిరాణా కొట్టులో అరువు, ఆ అరువు మీద మాట పడటం, మెడలో పుస్తెలు తాకట్టు. ఇదంతా మనకి కొత్త కాదు, ఇరవై ఏళ్ళుగా పేపర్లో జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. మా వైపు ఒక బడిలో వంట చేసే ఆవిడ నాతో అన్నారు: “ఆయ్, సర్కారోళ్ళకి మేమే అప్పిత్తన్నామండి. వడ్డీ లేని అప్పు.” ఆర్థికశాస్త్రం చదివిన నా స్నేహితురాలు ఈ మాట విని, ప్రజావిత్తం మీద తాను రాసిన వ్యాసమంతా ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసిందని వాపోయింది.

మొదట్లో గుడ్లు కూడా వాళ్ళే కొనేవారు. సంతలోనో, రోడ్డు మీది హోల్‌సేల్ కొట్లోనో ట్రేలు బేరమాడి తెచ్చుకునేవారు. బేరం చేయడం, పగిలినవి వెనక్కి ఇవ్వడం, ధర దిగినప్పుడు నాలుగు రూపాయలు మిగుల్చుకోవడం వాళ్ళకి తెలుసు. తర్వాత ప్రభుత్వం గుడ్ల సరఫరాని టెండర్ల ద్వారా కాంట్రాక్టర్లకి ఇచ్చింది. 2020లో వారానికి ఐదు గుడ్లు అన్నారు. మంచిదే, పిల్లలకి ఆరేసి గ్రాముల మాంసకృత్తులు దొరికే అంత చవకైన తిండి ఇంకోటి లేదు. కానీ గుడ్లు పెరిగినకొద్దీ పెరిగిన వ్యాపారం ఎవరిది? నూరుమంది పిల్లలున్న బడిని తీసుకోండి. వారానికి 500 గుడ్లు. ఏడాదికి 40 వారాలు బడి నడిస్తే 20,000. గుడ్డు 6 రూపాయలనుకున్నా 1,20,000 రూపాయల సరుకు. అదే బడిలో వండే ఇద్దరికి, నెలకి 3,000 చొప్పున ఏడాదిలో పది నెలలకి, వచ్చేది మొత్తం 60,000. అదీ 2019లో పెంచాక. అంతకుముందు నెలకి 1,000. అంటే ఉడకబెట్టి, పెంకు తీసి, పంచి, గిన్నెలు తోమే ఇద్దరు మనుషుల ఏడాది కష్టం కంటే, ఆ బడి గుడ్ల బిల్లు రెండింతలు. ఉజ్జాయింపు లెక్కే. కాని ఈ లెక్క వేయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, వేయాలన్న బుద్ధి పుట్టాలి.

సీతమ్మ గారి పుట్టిల్లు మండపేట. ఇప్పుడు ఆ చుట్టుపక్కల, అనపర్తి వైపు, ఎటు చూసినా కోళ్ళ ఫారాలే. 1982లో మొదలైన గుడ్ల సమన్వయ కమిటీ, అదే నెక్, రోజూ పొద్దున్నే ధర ప్రకటిస్తుంది. రైతులు దళారులకి లొంగకుండా తమ ధర తామే చెప్పుకోవాలని పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ తర్కం ఎంత బాగుంది! ఫారం యజమానులు కలిసికట్టుగా ధర చెప్పుకోవచ్చు. అదే గుడ్డుని ఉడకబెట్టే ఆడవాళ్ళు కలిసికట్టుగా కొనుక్కుంటామంటే మాత్రం ‘వాళ్ళ వల్ల ఏమవుతుంది’ అంటారు.

గుడ్డు సంగతి సరే, కోళ్ళు లేవంటారు. చిక్కీ మాటేమిటి? వేరుశెనగ గుళ్ళు, బెల్లం. పాకం ముదరకుండా దించి ఉండ కట్టడం రాని ఇల్లు కోనసీమలో ఉందా? పిల్లలకి వారానికి మూడు రోజులు చిక్కీ ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ప్రతి మండలంలో ఒక మహిళా సమాఖ్య చేత అది చేయించవచ్చు. కాగితం చుట్టిన చిక్కీ ఎక్కడి నుంచో లారీలో రావాల్సి వచ్చింది. పాకం ఉండ కట్టే చేతులేమో అప్పు మీద కువైట్ వెళ్ళి పరాయి వంటింట్లో పని చేస్తున్నాయి. రాజోలు, మామిడికుదురు వైపు గల్ఫ్‌కి ఆడమనిషి వెళ్ళని వీధి తక్కువ. ఆ పిల్లల్ని అమ్మమ్మలు బడికి పంపుతారు, బడిలో చిక్కీ ఇస్తారు. ఈ గొలుసు అంతా ఒకచోట పెట్టి చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇది నేను కొత్తగా కోరుతున్న వరమేమీ కాదు. ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. అంగన్‌వాడీల పౌష్టికాహార సరఫరాకి కాంట్రాక్టర్లని వాడకూడదు, ధాన్యం కొనడానికీ వండించడానికీ వీలైనంతవరకు గ్రామ సముదాయాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ళ ద్వారానే ఖర్చు పెట్టాలి అని స్పష్టంగా చెప్పింది. చూశారా, వండడం ఒక్కటే కాదు, కొనడం కూడా. మనకి మొదటి ముక్క ఇచ్చి రెండోది దాచేశారు. 2013 ఆహారభద్రతా చట్టం ఇంట్లో పెద్ద స్త్రీని కుటుంబ యజమానిగా రేషన్ కార్డు మీద రాయమంది, అది అందరికీ తెలుసు. అదే చట్టం రేషన్ షాపుల నిర్వహణ స్త్రీలకి, స్త్రీల సమూహాలకి ఇవ్వడంలో ప్రాధాన్యత చూపమని కూడా అంది. ఇది ఎంతమందికి తెలుసు? కార్డు మీద ఆవిడ ఫోటో వేశారు. షాపు డీలరు కుర్చీలో ఎవరు కూర్చున్నారో మీ ఊళ్ళో మీరే చూసుకోండి. మన రాష్ట్రంలో 2021లో సరుకుల వ్యాన్లు వచ్చాయి, 2025లో పోయి మళ్ళీ షాపులు వచ్చాయి. ఇన్ని మలుపుల్లో ఎక్కడా పొరపాటున కూడా సంఘాల పేరు ముందుకు రాలేదు.

కానీ చాకిరీ విషయంలో ప్రభుత్వానికి మన విలువ బాగా తెలుసు. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగితే, 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే, మధ్యలో జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవలట! అత్యవసరమైన సేవ చేసేవాళ్ళు ఉద్యోగులు కారట, వాళ్ళకిచ్చేది జీతం కాదట, ‘గౌరవ వేతనం’ అట. గౌరవం ఇంత చవక అని తెలిస్తే ఎవరూ కోరుకునేవారు కారు.

‘ఆడవాళ్ళ వల్ల అవుతుందా’ అన్న ప్రశ్నకి జవాబు కోనసీమలోనే కల్లాల దగ్గర దొరుకుతుంది. ఐకేపీ కేంద్రాల్లో ధాన్యం కొన్నది ఎవరు? సంఘాల ఆడవాళ్ళే. తేమ చూసి, తూకం వేసి, సంచులు లెక్కపెట్టి, మిల్లుకి తోలించి, రైతు పేరున కాగితం రాసిచ్చారు. కమీషన్ కోసం తర్వాత తిరిగారనుకోండి, అది వేరే కథ. అంతకుముందు ‘వెలుగు’ రోజుల్లో గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని సభ్యులకి అరువు మీద ఇచ్చేవి. కొట్టు నడపడం అంటే ఇదే కదా. చేసి చూపించిన పనిని చేయగలరా అని మళ్ళీ మళ్ళీ అడగడం అజ్ఞానం కాదు, ఎత్తుగడ.

ఇంకా గట్టి ఉదాహరణ జహీరాబాద్‌ది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పల్లె సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. రేషన్ షాపు బియ్యం తెచ్చి పోస్తే తమ జొన్న చేలు బీడు పడుతున్నాయని వాళ్ళు గమనించారు. 1990ల మధ్యలో తమదే ఒక రేషన్ వ్యవస్థ పెట్టుకున్నారు. బీడుని సాగు చేయడానికి రైతులకి అప్పు ఇవ్వడం, అప్పుని డబ్బుగా కాక జొన్నలుగా తీర్పించుకోవడం, ఆ జొన్నలు ఊళ్ళోనే వేపాకు, బూడిద కలిపి నిల్వచేయడం, తిండికి కరువొచ్చే నెలల్లో పేద ఇళ్ళకి తక్కువ ధరకి ఇవ్వడం. ఎవరు పేదలో తేల్చింది ఆఫీసు కాదు. ఊరి జనం నేలమీద రంగులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చర్చించి తేల్చారు. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది ఈ తేల్చడం. ఎవరికి ఎంత ఆకలో నిర్ణయించే అధికారం ఆకలి తెలిసిన ఆడదాని చేతిలోకి రావడం. ఆ ఆడవాళ్ళు తర్వాత 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. పక్కన కేరళలో కుటుంబశ్రీ యూనిట్లు అమృతం న్యూట్రిమిక్స్ తయారుచేసి అంగన్‌వాడీలకి ఇస్తున్నాయి. గోధుమ, సెనగ, వేరుశెనగ, సోయా, పంచదార. అక్కడ ఆకాశమేం విరిగి పడలేదు.

ఇంతవరకు వచ్చాక, మన పక్షం వాళ్ళతో ఒక పేచీ పెట్టుకోవాలి. ‘ఊరందరి సొంతం’, ‘కమ్యూనిటీ యాజమాన్యం’ అనే మాటలు ఈ మధ్య సదస్సుల్లో తెగ వినబడుతున్నాయి. అలాంటి ఒక సదస్సులో ఒక వక్త మెన్నొనైట్ల ఊళ్ళని ఆదర్శంగా చూపించారు. మెన్నొనైట్లు మనకి మరీ పరాయివాళ్ళు కారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీలు నల్గొండలో పనిచేశారు. తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్ళు పాలమూరు వైపు స్థిరపడ్డారు. జడ్చర్ల ఆసుపత్రి, శంషాబాద్ బైబిల్ కాలేజీ వాళ్ళవే. సదస్సులో చెప్పింది మాత్రం వేరే ఖండంలోని మెన్నొనైట్ల గురించి. బెలీజ్ దేశంలో 1958లో ఏర్పడిన స్పానిష్ లుకౌట్ లాంటి సెటిల్‌మెంట్లు ఉన్నాయి. ఆ దేశం తినే కోడిమాంసంలో, గుడ్లలో పెద్ద భాగం మెన్నొనైట్ల దగ్గర్నుంచే వస్తుంది. పరాగ్వే ఎడారిలాంటి చాకో నేలలో 1930లో వచ్చినవాళ్ళు కట్టుకున్న ఫెర్న్‌హైమ్ సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. పండించిన సరుకు సహకార సంఘం ద్వారానే అమ్ముకుంటారు. దళారి లేడు. వింటే బాగుంది.

అయితే సమూహం అంటే ఎవరు? సంప్రదాయం గట్టిగా పట్టుకున్న మెన్నొనైట్ కాలనీల్లో నిర్ణయాలు చేసేది బాప్తిస్మం తీసుకున్న మగవాళ్ళ సభ. ఆడవాళ్ళకి అందులో ఓటు లేదు. 2005 నుంచి 2009 వరకు బొలీవియాలోని మానిటోబా కాలనీలో సొంత ఊరి మగవాళ్ళే రాత్రిళ్ళు మత్తుమందు చల్లి పదులకొద్దీ ఆడవాళ్ళ మీద, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. పొద్దున్న లేచి నొప్పి చెప్పుకున్న ఆడవాళ్ళకి దెయ్యం పట్టిందన్నారు, కల కన్నారన్నారు. 2011లో శిక్షలు పడ్డాయి. మిరియం టేవ్స్ నవల ‘విమెన్ టాకింగ్’ (2018) దీని మీదే. చదవడం రాయడం రాని ఆడవాళ్ళు ఒక గడ్డి కొట్టంలో కూర్చుని ఉండాలా, పోరాడాలా, వెళ్ళిపోవాలా అని మాట్లాడుకుంటారు. స్పానిష్ లుకౌట్ వేరు, మానిటోబా వేరు, అందరినీ ఒకే గాటన కట్టను. చెప్పేదల్లా ఒకటే. దళారి లేనంత మాత్రాన యజమాని లేనట్టు కాదు. ఊరందరిదీ అన్న గుడ్ల కొట్టులో కూడా ఓటు లేని ఆడది కూలిదే.

మన ఊళ్ళకి ఇది వేరే రూపంలో వర్తిస్తుంది. ‘ఊరు’ అన్నప్పుడు పేట అందులో ఉందా? 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడి, దానికి అంబేద్కర్ పేరు చేర్చాలన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఒక పేరుకే అంత! రేపు గుడ్ల కొట్టు తాళం ఒక దళిత స్త్రీ బొడ్డులో దోపుకుంటే ఊరుకుంటారా? సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే బడి వంట మనుషుల నియామకంలో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యత ఇమ్మంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిందని పిల్లలు అన్నం ముట్టకపోతే తీసేసింది ఆవిడనే, గొడవయ్యాక మళ్ళీ పెట్టుకున్నారు. మా వైపు ఒక టీచరు ఒకసారి నాతో నవ్వుతూ అన్నారు, “గుడ్డుకైతే గొడవుండదండీ, పెంకు ఉంటుంది కదా” అని. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అందుకని నేను ‘ఊరి కొట్టు’ అనను. పేట ఆడవాళ్ళు సభ్యులుగా కాదు, సంతకం పెట్టేవాళ్ళుగా ఉన్న కొట్టు అంటాను.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఒకటి మనలోనే బలంగా ఉన్నది. సంఘాలు అంటే అప్పుల ఊబి, ప్రపంచబ్యాంకు ఆట, సారా వ్యతిరేక ఉద్యమంలో లేచిన ఆడవాళ్ళ కోపాన్ని పొదుపు పుస్తకంలో కట్టిపడేసిన కుట్ర అని. ఇందులో నిజం లేదని ఎవరంటారు? 1992లో దూబగుంట నుంచి లేచిన గొంతుకీ, నాయకుల సభలకి లారీల్లో తోలుకెళ్ళే సంఘాలకీ ఉన్న దూరం మనమే చూశాం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులకి మనుషులు చచ్చిపోతే గాని ఆర్డినెన్సు రాలేదు. కానీ ఆ అనుభవం చెప్పేది ఏమిటి? మనకి అప్పు ఇచ్చారు, వ్యాపారం ఇవ్వలేదు. ఒక గేదె, ఒక కుట్టుమిషను, ఒక పచ్చడి సీసా. కొనేవాడు ఖాయంగా ఉన్న సరుకు మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. బడి గుడ్డుకి కొనేవాడు ఖాయం. నష్టభయం లేని ఆ బేరం కాంట్రాక్టరుకి, ఎవరూ కొనని అప్పడాలు మనకి! పూచీకత్తు లేకుండా లక్షల అప్పు ఇచ్చి పైసాతో సహా వసూలు చేసుకునే బ్యాంకులకి మన నిజాయితీ మీద నమ్మకం ఉంది. టెండరు కాగితం దగ్గరకొచ్చేసరికి టర్నోవర్ చూపించమంటారు.

రెండో అభ్యంతరం: ఇంటి పని, కూలి పని, పైన ఇదొకటా? న్యాయమైన మాట. అందుకే సేవ పేరు చెప్పకుండా జీతం పెట్టాలి. కొట్టు లెక్కలు రాసే ఆవిడకి, వ్యాను వెంట తిరిగే ఆవిడకి, గుడ్లు ఏరే ఆవిడకి నెలజీతం, ఆ జీతం ధరలో కలిపి. ‘త్యాగం’ అనే పద్దు ఉండకూడదు. మూడోది, సంఘం లీడరు భర్త చెక్కుబుక్కు లాక్కుంటాడని. లాక్కుంటాడు. పంచాయతీల్లో చూడటం లేదా. దానికి విరుగుడు రెండేళ్ళకొకసారి సంతకం మారడం, గోడ మీద లెక్క రాయడం. నష్టాలకి భయపడి వదిలేయాలంటే ముందు వదిలేయాల్సింది కాంట్రాక్టర్లనే. చిన్న గుడ్లు, పాడైన గుడ్లు, రాని గుడ్లు, ఈ వార్తలన్నీ ఎవరి కాలంలోవి? 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళని పూడ్చేస్తున్నప్పుడు ‘ఈ గుడ్డు ఏ ఫారందమ్మా’ అని తల్లులు అడిగితే వంట ఆవిడ ఏం చెబుతుంది? గుడ్డు ఎక్కడ కొన్నారో ఆవిడకి తెలిస్తే కదా. సొంత కొట్టైతే ఆ జవాబు ఆవిడ పుస్తకంలో ఉంటుంది.

కాబట్టి అడగవలసింది జిల్లా అంతా కాదు, ఒక మండలం. మామిడికుదురు చాలు. గుడ్డు, చిక్కీ, పప్పు, నూనె, ఈ నాలుగూ ఆ మండలంలోని బడులకి, అంగన్‌వాడీలకి మహిళా సమాఖ్య ద్వారా రావాలి. టర్నోవర్ నిబంధన, ధరావతు మినహాయించాలి. మొదటి రెండు నెలల సరుకు సొమ్ము ముందుగా ఖాతాలో వేయాలి. అది అప్పు కాకూడదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ ముందుగా పెట్టుబడి పెట్టింది ఆ ఆడవాళ్ళే. మండపేట ఫారాలతో నెక్ ధర ప్రకారం వాళ్ళే రాతకోతలు చేసుకుంటారు. బడి వంటవాళ్ళు ఆ సమాఖ్యలో వాటాదారులు కావాలి, ఏడాది చివర మిగిలింది వాటాల ప్రకారం పంచుకోవాలి.

మనం చేయాల్సింది కొంచెం విసుగు పుట్టించే పని. కవిత రాసినంత హాయిగా ఉండదు. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాలి: ఈ మండలంలో గుడ్ల సరఫరా ఎవరికి, ఏ ధరకి, ఎన్ని రోజులు రాలేదు, వంట ఖర్చు బిల్లులు ఏ నెల నుంచి ఆగి ఉన్నాయి. ఆ జవాబులు అచ్చు వేయాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళు పిల్లల బరువు, ఎత్తు కొలిచే పరిశోధనలు చాలా చేయించారు, ఒక్క ఎం.ఫిల్. అయినా గుడ్డు బిల్లు ప్రయాణం మీద చేయించలేదు. ఒక విద్యార్థినికి ఆ పని అప్పజెప్పండి. ఫారం గేటు దగ్గర ట్రే ఎక్కినప్పటి ధర నుంచి బడి గిన్నెలో పడేదాకా ఎవరి చేతిలో ఎంత మిగిలిందో రాయమనండి. ఆ అమ్మాయికి అప్పనపల్లిలో బస చూపించే పూచీ నాది. దరఖాస్తు నకళ్ళు కూడా నా దగ్గర ఉన్నాయి, అడిగినవాళ్ళకి పంపుతాను.